నోటికీ చేతికీ నడుమ

మా ఇంట్లో పుస్తకాలతో నీళ్ళు కాగిన రోజు నాకు బాగా గుర్తు. 1985 సెప్టెంబరు మొదటి వారం. హనుమకొండ నయీంనగర్‌లో మాది రెండు గదుల పెంకుటిల్లు. పెరట్లో రాగి బాయిలర్ ఉండేది. మధ్యలో గొట్టం, గొట్టంలో కట్టెపుల్లలు, చుట్టూ నీళ్ళు. రోజూ పొద్దున దాన్ని ముట్టించడం నా పని. ఆ రోజు మాత్రం నన్ను లేపకుండా నాన్నే దాని ముందు కూర్చున్నాడు. పక్కన కట్టెల బదులు పుస్తకాలు. ఒక్కోదాని అట్ట చించి, కుట్టు విప్పి, పదేసి కాగితాల చొప్పున గొట్టంలోకి జారవిడుస్తున్నాడు. లెక్కల మాస్టారు కదా, కాల్చడంలోనూ ఒక పద్ధతి.

నాయనమ్మ చెంబుతో వచ్చి చూసి, "ఏందిరా, గవి కరుస్తయా?" అంది.

"కరవయమ్మా. కరుస్తయని అనుకునేటోళ్ళు తిరుగుతున్నరు."

మా నాన్న ఏ పార్టీ మనిషీ కాదు. ఊరేగింపు ఎదురొస్తే సైకిలు దిగి పక్క సందులోకి నడిపించుకుపోయే మనిషి. నెలకో పుస్తకం కొనుక్కోవడం ఒక్కటే ఆయన వ్యసనం. విశాలాంధ్ర వాళ్ళ పుస్తకాల వ్యాను వచ్చిందంటే చాలు, సోవియట్ పుస్తకాలు కిలోల్లెక్క చవగ్గా దొరికేవి. ఆ పొద్దున కాలినవాటిలో నిజంగా రాజకీయాల పుస్తకాలు నాలుగో అయిదో ఉంటాయి. మిగతావి అట్ట ఎర్రగా ఉన్న నేరానికి కాలాయి. ఒక భౌతికశాస్త్రం పుస్తకం రచయిత పేరు చివర 'స్కీ' అని ఉన్నందుకు పోయింది. నేను ముందే పసిగట్టి నా రష్యన్ జానపద కథల పుస్తకాన్ని బియ్యం డబ్బాలో పాతిపెట్టాను. ఒకటి మాత్రం నిజం, ఆ రోజు నీళ్ళు తొందరగా కాగాయి.

ఆ వారం మా ఊళ్ళో జరిగింది ఇది. ఒక ఎస్సైని నక్సలైట్లు కాల్చి చంపారు. మర్నాడు, సెప్టెంబరు 3న, పౌరహక్కుల సంఘం నాయకుడు డాక్టర్ రామనాథం తన క్లినిక్‌లోనే తూటాలకు చనిపోయాడు. ఎస్సై అంతిమయాత్రలో నడుస్తున్న పోలీసులే లోపలికి వెళ్ళి కాల్చారని పౌరహక్కుల సంఘం రాసింది, ఊరంతా అదే చెప్పుకుంది. ఆయన పిల్లల డాక్టరు. మా ఈడు పిల్లల్లో సగం మంది ఆయన చేతి సూది వేయించుకున్నవాళ్ళే. ఆయన పట్టుకున్నది స్టెతస్కోపు, చేసిన నేరం ఎన్‌కౌంటర్ల గురించి మాట్లాడడం. చనిపోయిన ఎస్సైకీ ఇల్లుంది, ఆ ఇంట్లో ఏడ్చినవాళ్ళున్నారు. ఆ ఏడుపు అబద్ధమని నేనెప్పుడూ అనుకోలేదు. కానీ తుపాకీ పట్టినవాడు అడవిలో ఉంటే, కోపం ఊళ్ళో ఉన్న డాక్టరు మీదికీ, లెక్కల మాస్టారి పుస్తకాల అలమారా మీదికీ ఎట్లా మళ్ళిందన్నది పదకొండేళ్ళ నాకు అర్థం కాలేదు.

ఇరవై రెండేళ్ళ తర్వాత అర్థమైంది. అర్థమైన తీరు నాకే సిగ్గుచేటుగా ఉంటుంది, అయినా చెబుతాను.

2007 ఆగస్టు 25, శనివారం సాయంత్రం. మా అమ్మాయి ఏడో తరగతి గైడు పాతది దొరుకుతుందేమోనని కోఠీ పేవ్‌మెంటు దుకాణాలన్నీ తిరిగాను. గోకుల్ చాట్ దగ్గర ఆగి దహీపూరీ తిందామనుకున్నాను. రద్దీ చూసి విసుగు పుట్టి ఉమెన్స్ కాలేజీ బస్టాపు వైపు నడిచాను. ఏడున్నర దాటాక ఆ చప్పుడు. ట్రాన్స్‌ఫార్మర్ పేలిందనుకున్నాం బస్టాపులో ఉన్నవాళ్ళమంతా. తర్వాత చెప్పుల్లేకుండా పరిగెత్తుకొస్తున్న మనుషులు కనిపించారు. కొద్దిసేపటి ముందే లుంబినీ పార్కులో లేజర్ షో దగ్గర కూడా పేలిందని ఇంటికొచ్చాక టీవీలో తెలిసింది. రెండుచోట్లా కలిపి నలభై మందికి పైగా పోయారు. మహారాష్ట్ర నుంచి ఊరు చూడ్డానికొచ్చిన ఇంజనీరింగ్ విద్యార్థులు ఉన్నారు వాళ్ళలో. నేను తినకుండా వదిలేసిన ప్లేటు ఆ సమయానికి ఎవరి చేతిలో ఉందోనన్న ఆలోచన నన్ను చాలా రాత్రులు నిద్రపోనివ్వలేదు.

మూడోనాడో నాలుగోనాడో టీవీ చర్చలో ఒక హక్కుల న్యాయవాది, ఎవరిని పట్టుకున్నా వాళ్ళ తరపున వాదించడానికి వకీలుండాలి, అనుమానం పేరుతో అమాయకుల్ని ఎత్తుకుపోవద్దు అన్నాడు. "ముందు ఈయన్ని లోపలెయ్యాలి" అన్నాను నేను, అన్నం కలుపుతూ. అప్పుడు నాన్న మా ఇంట్లోనే ఉన్నాడు, కంటి ఆపరేషను కోసం వచ్చి. ఆ బాయిలర్ ముందు కూర్చున్న నాన్నే. "నిజమేరా, గిసొంటి మాటలు మాట్లాడేటోళ్ళను ఊకుంచబట్టే గిదంతా" అన్నాడు. ఇద్దరం తలలూపుకుని పెరుగన్నంలోకి వచ్చాం. కాలిన పుస్తకాల సంగతి ఆయనకీ గుర్తు రాలేదు, నాకూ గుర్తు రాలేదు. ఒకసారి భయపడ్డవాడికి భయం గురించి ఇతరులకన్నా ఎక్కువ తెలుస్తుందనేం లేదు.

ఆ న్యాయవాది మాట నెమ్మదిగా, ఏళ్ళ మీద నిజమవుతూ వచ్చింది. గోకుల్ చాట్‌కు మూడు నెలల ముందు, మే 18న, మక్కా మసీదులో శుక్రవారం నమాజు వేళ వజూఖానా దగ్గర బాంబు పేలి తొమ్మిది మంది చనిపోయారు. ఆ తర్వాత బయట జరిగిన పోలీసు కాల్పుల్లో మరో అయిదుగురు. పాతబస్తీ కుర్రాళ్ళను వరసగా పట్టుకెళ్ళారు. కోర్టులు వాళ్ళను నిర్దోషులని వదిలిపెట్టాయి. ప్రభుత్వమే తర్వాత నష్టపరిహారం మంజూరు చేసింది. దర్యాప్తు మలుపు తిరిగి వేరేవాళ్ళ మీద కేసు నడిస్తే, 2018 ఏప్రిల్‌లో విచారణ ఎదుర్కొన్న అయిదుగురినీ కోర్టు విడుదల చేసింది. తొలి రోజుల్లో చూపించిన తొందరంతా చివరికి ఎవర్నీ ఎక్కడికీ చేర్చలేదు. అదే ఏడాది సెప్టెంబరులో గోకుల్ చాట్, లుంబినీ పార్కు కేసులో ఇద్దరికి మరణశిక్ష, ఒకరికి యావజ్జీవం పడ్డాయి. పదకొండేళ్ళు పట్టింది, నిజమే. కానీ అది సాక్ష్యాల మీద, రెండు వైపులా వకీళ్ళు వాదించుకున్నాక వచ్చిన తీర్పు. వాళ్ళు లేకపోతే ఆ తీర్పుకు అంత బరువుండేది కాదు. వాళ్ళలాంటివాణ్ణే నేను లోపలెయ్యమన్నాను.

చేతి మీద కోపం నోటి మీద తీర్చుకునే అలవాటు మా ఇంటిది మాత్రమే కాదు. దానికి ప్రభుత్వాల దగ్గర పాత దాఖలాలున్నాయి. 1908 ఏప్రిల్ 30 రాత్రి బీహారులోని ముజఫర్‌పూర్‌లో ఖుదీరాం బోస్, ప్రఫుల్ల చాకీ ఒక గుర్రపు బండి మీద బాంబు వేశారు. కింగ్స్‌ఫర్డ్ అనే జడ్జి కోసం వేసింది. బండిలో ఉన్నది ఆయన కాదు, ఇద్దరు ఇంగ్లీషు స్త్రీలు, తల్లీకూతుళ్ళు. ఇద్దరూ చనిపోయారు. (ఖుదీరాం పటానికి దండలు వేసిన బడిలోనే నేనూ చదివాను. ఆ తల్లీకూతుళ్ళకు మా పాఠంలో ఒక్క వాక్యం మించి చోటు దొరకలేదు. మనవాడు వేసిన బాంబు ఎప్పుడూ కొంచెం మెత్తగానే పేలుతుంది.)

ప్రభుత్వం వణికింది. జూన్ 8న, ఒకే రోజు, రెండు చట్టాలు చేసింది. ఒకటి పేలుడు పదార్థాల చట్టం. రెండోది పత్రికల చట్టం, నేరానికి పురికొల్పే రాతలు అచ్చయితే ముద్రణాలయాన్నే జప్తు చేసే అధికారం మేజిస్ట్రేటుకు ఇచ్చింది. మొదటిది నీ చేతిలో ఏముంది, ఎందుకుంది అని అడుగుతుంది. రెండోది నీ నోట్లో ఏముందని అడుగుతుంది. ఆ రెండింటి జాతకాలు చూడండి. మొదటిది నూటపది ఏళ్ళు దాటినా బతికే ఉంది, ఈనాటికీ బాంబు కేసుల్లో దాని సెక్షన్లే పెడతారు. తెల్లవాడు చేసిన చట్టమని ఎవరూ దాన్ని తీసెయ్యమనలేదు, ఎందుకంటే పనికొచ్చే చట్టం. రెండోదాన్ని చేసినవాళ్ళే 1922లో రద్దు చేసుకున్నారు. అది కాగితం మీద బలంగా ఉన్న రోజుల్లోనే, 1912 డిసెంబరులో, ఢిల్లీ చాందినీ చౌక్‌లో సాక్షాత్తూ వైస్రాయి ఏనుగు మీద ఊరేగుతుంటే బాంబు పడింది.

1908 వేసవి వేటలో బాంబులవాళ్ళతో పాటు రాతలవాళ్ళూ దొరికారు. తిలక్ కేసరిలో రాసిన వ్యాసాలకు ఆరేళ్ళ శిక్ష పడి మాండలే పోయాడు. బాంబు వెయ్యమని కాదు ఆయన రాసింది, బాంబు ఎందుకు పుట్టిందో చూసుకోండని. కారణం చెప్పినవాడు సమర్థించినవాడితో సమానమన్న లెక్క అప్పుడే మొదలైంది. ఈనాటి టీవీ చర్చల్లో ఆ లెక్క ఇంకా చెల్లుబాటవుతోంది. మన బెజవాడలో గాడిచర్ల హరిసర్వోత్తమరావు నడిపిన 'స్వరాజ్య' పత్రిక మీదా ఆ ఏడే పడ్డారు. తిరునల్వేలిలో జనం మీద కాల్పులు జరిగితే దాన్ని దుయ్యబడుతూ రాసిన వ్యాసానికి ఆయనకు మూడేళ్ళ జైలు. పాతికేళ్ళ మనిషి. జైలు నుంచి వచ్చాక మిగిలిన బతుకంతా ఊరూరా గ్రంథాలయాలు పెట్టించడానికీ, చదువు రాని పెద్దవాళ్ళకు చదువు చెప్పించడానికీ పెట్టాడు. ఏ రాతకు భయపడి ఆయన్ని లోపల వేశారో, ఆ రాతకు బయట ఎందరో పాఠకుల్ని తయారు చేశాడన్నమాట. నాకు దీనంత ఇష్టమైన ప్రతీకారం చరిత్రలో ఇంకోటి లేదు.

సరిగ్గా వందేళ్ళకు, ముంబయి మీద దాడి జరిగిన మరుసటి నెల, 2008 డిసెంబరులో, మళ్ళీ ఒకేసారి రెండు చట్టాలు. ఒకటి జాతీయ దర్యాప్తు సంస్థను పుట్టించింది. దర్యాప్తు చేసేవాళ్ళకు శిక్షణ, అధికారం, రాష్ట్రాల ఎల్లలు దాటి వెతికే వీలు. అది చేతిని వెతికే పని. రెండోది చట్టవిరుద్ధ కార్యకలాపాల నిరోధక చట్టం, యూఏపీఏకు సవరణ. ఆరోపణలు పైపైన నమ్మదగ్గవిగా కనిపిస్తే బెయిలు ఇవ్వొద్దంది. అప్పటినుంచి తీర్పు కంటే ముందు శిక్ష అనుభవించడం మామూలైపోయింది. అమలాపురం నుంచి వెళ్ళి ఢిల్లీలో పాఠాలు చెప్పిన సాయిబాబా, చక్రాల కుర్చీలోనే బతికిన మనిషి, 2014లో అరెస్టయి, యావజ్జీవ శిక్ష పడి, 2024 మార్చిలో బొంబాయి హైకోర్టు నిర్దోషి అన్నాక బయటికొచ్చాడు. ఆ అక్టోబరులోనే నిమ్స్‌లో చనిపోయాడు. ఆయన రాజకీయాలు నావి కావు. ఆ పదేళ్ళు మాత్రం నా దేశానివి.

మరి మాటకు అసలు పట్టింపే లేదా అంటే, ఉంది. మాట కూడా చంపుతుంది. ఆ సంగతి తెలియనట్టు నటించడం నాకు ఇష్టం ఉండదు. ఏ మాట చంపుతుందో, ఏది చంపదో తేల్చుకోవడానికి నాకు ఎక్కువ సాయం చేసినవి 1984 చివరి రోజులు.

ఆ ఏడు అక్టోబరు 31న ఇందిరాగాంధీ హత్య జరిగింది. ఆ సాయంత్రం చండీగఢ్‌లో నీలం సినిమా హాలు ఎదుట, సందడిగా ఉన్న బజారులో, ఇద్దరు ప్రభుత్వోద్యోగులు ఖలిస్తాన్‌కు జై అంటూ రెండు మూడు నినాదాలు చేశారు. పంజాబు తగలబడిపోతున్న కాలం, దేశం గుండె పగిలిన రోజు. ఇంతకంటే ఘోరమైన సమయంలో, ఇంతకంటే ఘోరమైన నినాదం ఇంకేం ఉంటుంది? బజారులో ఏం జరిగిందంటే, ఏమీ జరగలేదు. ఎవరూ గుమిగూడలేదు, ఎవరూ వంత పాడలేదు. కూరగాయలు బేరమాడేవాళ్ళు బేరమాడుతూనే ఉన్నారనుకుంటాను. పోలీసులు ఆ ఇద్దర్నీ పట్టుకున్నారు. కింది కోర్టు రాజద్రోహం కింద శిక్ష వేసింది. పదేళ్ళకు పైగా ఆ కేసు వాళ్ళ మెడకు వేలాడింది. 1995లో సుప్రీంకోర్టు, బల్వంత్ సింగ్ కేసు తీర్పులో, ఇద్దరు మనుషులు ఏదో అరిచి ఊరుకుంటే, దానికి ఎవరూ స్పందించకపోతే, అది రాజద్రోహం కాదని కొట్టేసింది. అంత సున్నితమైన రోజుల్లో జనం మధ్యలోకి దూరి ఆ ఇద్దర్నీ అరెస్టు చెయ్యడంతోనే గొడవ రేగే ప్రమాదం ఉండిందని పోలీసులకు అక్షింతలు కూడా వేసింది. అంటే, తల తిప్పని బజారు చేత తల తిప్పించబోయింది పోలీసులేనన్నమాట.

అదే సాయంత్రం నుంచి ఢిల్లీలో ఇంకో నినాదం వీధి వీధినా వినిపించింది. రక్తానికి రక్తం అని. అది అరిచినవాళ్ళు చేతుల్లో కిరోసిన్ డబ్బాలు, ఇనప కడ్డీలు పట్టుకున్నారు. ఏ ఇల్లు ఎవరిదో చెప్పే జాబితాలు పట్టుకున్నారు. ప్రభుత్వ లెక్క ప్రకారమే ఢిల్లీలో 2,733 మంది సిక్కులు చనిపోయారు. అక్కడ చాలాచోట్ల పోలీసులు నిలబడి చూశారు.

రెండు నగరాలు, ఒకే వారం. ఎవరూ వినని నినాదానికి పదేళ్ళ కేసు. కడ్డీ పట్టుకుని అరిచిన నినాదానికి చాలాచోట్ల కేసులు లేవు, ఉన్నవి చాలావరకు దశాబ్దాల తరబడి కదల్లేదు. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టుకున్నప్పుడు నాకు ఒకటి తేటపడింది. మాట ఎంత చెడ్డదన్నది కాదు చూడాల్సింది, మాటకూ చేతికీ నడుమ ఎంత దూరముందన్నది. బీడు భూమిలో నిలబడి అగ్గిపుల్ల గీసినవాడు బీడీ ముట్టించుకుంటాడు. అదే పుల్ల గడ్డివాము పక్కన, ఎండాకాలం మధ్యాహ్నం, గాలి వీస్తుండగా గీస్తే వాడి ఉద్దేశం అడగనక్కర్లేదు. పట్టుకోవాల్సింది అక్కడ. ప్రభుత్వాలు ఎక్కువసార్లు బీడులో పట్టుకుంటాయి. ఎందుకంటే బీడులో వాడు ఒక్కడే ఉంటాడు, తేలిగ్గా దొరుకుతాడు. గడ్డివాము దగ్గర వంద మంది ఉంటారు, వాళ్ళ వెనక ఎవరో పెద్దమనిషి ఉంటాడు.

కోర్టులు ఈ దూరాన్ని తమ భాషలో కొలుస్తూనే ఉన్నాయి. రాజద్రోహం చట్టం హింసకు పురికొల్పినప్పుడే పనిచెయ్యాలని 1962లో కేదార్‌నాథ్ సింగ్ కేసులో చెప్పారు. చర్చించడం ఒకటి, సమర్థించడం ఇంకొకటి, రెచ్చగొట్టడం వేరొకటి, మూడోదాన్నే చట్టం ముట్టుకోవాలని 2015లో శ్రేయా సింఘాల్ కేసులో చెప్పారు. తీర్పు చదివినవాళ్ళు తక్కువ. స్టేషన్లో రాత్రి పదకొండింటికి ఎఫ్ఐఆర్ రాసేవాళ్ళలో ఇంకా తక్కువ.

మా తెలుగు నేల మీద ఈ దూరాన్ని రెండు వైపులా చెరిపేసుకున్నారు. అడవి వైపు నుంచి చూస్తే, తెల్లారేసరికి గ్రామపంచాయతీ గోడ మీద ఎర్ర సిరా పోస్టరు అంటించి ఉండేది. కింద ఒక పేరు, పక్కన 'ఇన్‌ఫార్మర్' అని. అది భావప్రకటన కాదు. పేరు, ఊరు, శిక్ష రాసి ఉన్న కాగితం. వారం తిరిగేసరికి ఆ పేరుగల మనిషి ఉండేవాడు కాదు. వాణ్ణి చంపింది కూడా ఒక మాట మాట్లాడాడన్న నేరానికే, అది నిజమో కాదో ఎవరికీ తెలియకుండా. అటు నగరం వైపు నుంచి, 1997 ఏప్రిల్ 6న గాయకుడు గద్దర్ ఇంటికి వచ్చి కాల్చినవాళ్ళు ఉన్నారు. ఒక తూటా చనిపోయేదాకా ఆయన ఒంట్లోనే ఉండిపోయింది. అది పాట మీద పేల్చిన తూటా. నల్లమల కోబ్రాలని, ఇంకేవో పులులని పేర్లు పెట్టుకుని హక్కుల సంఘాలవాళ్ళను బెదిరించినవాళ్ళు ఎవరి మనుషులో మాకెవరికీ చెప్పనక్కర్లేదు.

1974లో సికింద్రాబాద్ కుట్ర కేసులో కవితలూ ఉపన్యాసాలూ ఛార్జిషీటెక్కాయి. పదిహేనేళ్ళు నడిచి 1989లో కేసు వీగిపోయింది. ఆ మధ్యలో కొందరి యవ్వనం కోర్టు వరండాలో కరిగిపోయింది. 2005 ఆగస్టు 15న నారాయణపేటలో ఎమ్మెల్యే చిట్టెం నర్సిరెడ్డితో పాటు మరికొందరిని మావోయిస్టులు కాల్చి చంపారు. పంద్రాగస్టు నాడు, పట్టపగలు. రెండు రోజులకు ప్రభుత్వం మావోయిస్టు పార్టీ మీద నిషేధం పెట్టింది. బాగానే ఉంది. దాంతో పాటే విప్లవ రచయితల సంఘం, విరసం మీదా పెట్టింది. విరసం రాతల్లో చాలావాటితో నాకు పేచీ ఉంది. తుపాకీని పొగిడే కవిత చదివినప్పుడు నాకు చచ్చిపోయిన కానిస్టేబుల్ భార్య గుర్తొస్తుంది. అయినా నారాయణపేటలో తుపాకీ పేల్చింది రచయితల సంఘం కాదు. ఎలుకల మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకున్నట్టు అంటారు మనవాళ్ళు. అందులో ఇంకో మాట చేర్చాలి, ఇల్లు అంటుకుంటే ముందు బయటపడేవి ఎలుకలే.

నాన్న గౌరవించిన మనిషి ఒకాయన ఉన్నాడు, బాలగోపాల్. రాజకీయాలకు కాదు ఆ గౌరవం, కాకతీయ యూనివర్సిటీలో గణితం చెప్పినందుకు. "లెక్క తప్పు చెయ్యడు ఆయన" అనేవాడు. బూటకపు ఎన్‌కౌంటర్ల లెక్క ఊరూరా తిరిగి రాసిన మనిషి, నక్సలైట్లు చేసిన హత్యల లెక్క కూడా హక్కుల సంఘం అడగాలని పట్టుబట్టి, తన వాళ్ళతోనే విడిపోయి, 1998లో వేరే వేదిక పెట్టుకున్నాడు. అటూ ఇటూ తిట్లు తిన్నాడు. ఐఏఎస్ అధికారి శంకరన్‌ను 1987లో గుర్తేడు అడవిలో నక్సలైట్లు తోటి అధికారులతో సహా ఎత్తుకెళ్ళారు. బతికి బయటపడ్డ ఆయనే పదేళ్ళకు ప్రభుత్వానికీ నక్సలైట్లకూ మధ్య మాటలు కలపడానికి కమిటీ కట్టాడు. 2004 అక్టోబరులో హైదరాబాదులో ఒకే బల్లకు అటూ ఇటూ కూర్చుని మాట్లాడుకున్నారు కూడా. ఆ చర్చలు నిలవలేదు. నిలవకపోయినా, తనను బందీగా పట్టుకున్నవాళ్ళతో మాట్లాడదామన్న మనిషి ఎటువంటి మట్టితో చేసినవాడా అని నేను ఇప్పటికీ ఆలోచిస్తాను. ఆ స్థానంలో నేనుంటే ఏమనేవాణ్ణో గోకుల్ చాట్ రాత్రే తేలిపోయింది కదా.

చేతిని పట్టుకునే పని విసుగు పుట్టించే పని. ఎవరూ చప్పట్లు కొట్టరు. క్వారీల్లో వాడే అమ్మోనియం నైట్రేటు బాంబుల్లోకి చేరుతోందని 2012లో దాని అమ్మకానికీ నిల్వకూ లైసెన్సు నిబంధనలు తెచ్చారు. ఏ గోదాములో ఎన్ని బస్తాలు, ఎవరికి ఎన్ని అమ్మారు, రిజిస్టరు రాయాలి, సంతకం పెట్టాలి. ఇది టీవీలో చర్చకు పనికిరాదు. ఆ రిజిస్టరు సరిగ్గా తిరగేసే ఒక్క గుమస్తా, నినాదాలు చేసినవాళ్ళ మీద పెట్టిన వంద కేసుల కంటే ఎక్కువ మందిని బతికిస్తాడని నా నమ్మకం. మనం మాత్రం గుమస్తా జీతం గురించి ఎప్పుడూ అడగం, ఎవర్ని లోపలేశారని అడుగుతాం.

ఇంత తెలిసినవాడిలా మాట్లాడుతున్నాను కదా, మొన్నామధ్య మా వాట్సాప్ గ్రూపులోనే పరీక్ష వచ్చింది. 'మన బంధువులు' అని గ్రూపు, నలభై మంది ఉంటాం. రోజూ గుడ్ మార్నింగులు, దేవుడి బొమ్మలు, పుట్టినరోజు కేకులు. ఎక్కడో ఏదో దాడి జరిగిన మర్నాడు మా బామ్మర్ది ఒక ఫార్వర్డు పెట్టాడు. పైన నాలుగు లైన్లు ఒక మతం వాళ్ళ మీద తిట్లు. ఆ నాలుగు లైన్లు నాకు చిరాకు తెప్పించాయి కానీ అవి బీడులో అగ్గిపుల్ల. కింద మాత్రం మా బస్తీలోనే ఉన్న ఆరు దుకాణాల పేర్లు, ఏ సందులో ఉన్నాయో, వాటి సంగతి ఆదివారం చూద్దామన్న మాట. అందులో ఒకటి మా వీధి చివర టైలరు షాపు. మా అమ్మాయి పెళ్ళి జాకెట్లు కుట్టింది అక్కడే.

ఫోన్ చేశాను. "తీసెయ్యి అది" అన్నాను.

"ఏంది బావా, నువ్వే గదా భావప్రకటన అంటవెప్పుడూ" అన్నాడు. వాడు ఎగతాళికి అనలేదు, నిజంగానే అడిగాడు.

"పై నాలుగు లైన్లు నీ ఇష్టం, ఉంచుకో. వాటికి గ్రూపులోనే జవాబు చెప్తా. కింద రాసినవి మాటలు కాదురా, అడ్రసులు."

"నేనేం రాయలే బావా, వచ్చింది పంపిన గంతే."

గోడ మీద పోస్టరు అంటించినవాడు కూడా రాసినవాడు కాదు, మైదాపిండి కలిపి అంటించినవాడే. ఆ మాట అనబోయి ఆపుకున్నాను. చెల్లెలి పెళ్ళికి అప్పు తెచ్చి నన్ను గట్టెక్కించిన మనిషి. ఆదివారం ఎవరైనా వస్తే ఆ టైలరు పరిస్థితేంటో ఒక్కసారి ఊహించుకోమన్నాను. చాలాసేపు మాట్లాడలేదు వాడు. "సరే బావా" అన్నాడు.

ఆ రాత్రి టైలరు షాపు దాకా నడిచాను. షట్టరు దించుతున్నాడు. విషయం చెప్పాను, ఆదివారం జాగ్రత్తగా ఉండమని, స్టేషన్లో ఒక మాట చెప్పి పెట్టమని. విన్నాడు. "మాకు కూడా వచ్చింది సార్ అది" అన్నాడు, తాళం వేస్తూ. అంతకుమించి ఏమీ అనలేదు.

ఇంటికొచ్చి గ్రూపు తెరిచి చూస్తే బామ్మర్ది మాట నిలబెట్టుకున్నాడు. వాడి ఫార్వర్డు ఉన్నచోట, సందేశం తొలగించారన్న బూడిదరంగు గీత ఒకటి మిగిలింది. పై నాలుగు లైన్లు కూడా దాంతోపాటే పోయాయి. వాటికి రాద్దామని దారిలో కూర్చుకున్న జవాబు అట్లాగే ఉండిపోయింది. ఆ గీత కింద అప్పటికే పదహారు మెసేజీలున్నాయి. గుడ్ మార్నింగులకు తప్ప నోరు విప్పని మా పెద్దత్తయ్యతో సహా, పొద్దున్నుంచీ దాన్ని చదవకుండానే కిందికి జరిపేసినవాళ్ళంతా, "ఏముండె దాంట్లో? ఎవరి దగ్గరన్నా ఉంటే పెట్టుండ్రి" అని అడుగుతున్నారు.